కాలేజీ తోటకు పంచాంగం వేరు

అమ్మా, తోట బాధ్యత ఈ ఏడాది నీ మీద పడిందన్నావు. బోటనీ లెక్చరర్లకు అది తప్పదులే. తోచినవి రాస్తున్నా, వరస చూడకు.

1. సెలవుల్లో నీళ్లు ఎవరు పోస్తారో ఏప్రిల్‌లోనే తేల్చుకో. కాలేజీ మూసేసినా తోట మూతపడదు. రేలచెట్టు పసుపు గుత్తులు వేలాడేసేది మే నెలలోనే, చూసేందుకు వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు.

2. గునుగును కలుపని పీకించకు. వానలు పడ్డాక ప్రహరీ వెంట దానంతటదే మొలుస్తుంది. సరిగ్గా పెత్రమాస ముందే ఎవరికో క్యాంపస్ శుభ్రం చేయాలని గుర్తొస్తుంది, గడ్డి కోసే మిషన్ బయటికొస్తుంది. దాన్ని ఆపు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా బతుకమ్మ పేర్చే ఆడపిల్లలకు పువ్వు కావాలి. చేలల్లో గడ్డిమందులు ఎక్కువయ్యాక గునుగు దొరకడమే కష్టమైంది, పట్నంలో కట్టలు కట్టి అమ్ముతున్నారు. జానెడు కాడ ఉంచి కోయమను. ఆకులు తుంచి, కాడలు సమంగా కత్తిరించి, కొన్ని కట్టలు రంగునీళ్లలో ముంచి ఆరబెడతారు. కాడ పొట్టిదైతే తాంబాలంలో వరస నిలవదు. ఒక మూల మడిని మాత్రం ఎవరినీ ముట్టనివ్వకు. అక్కడ కంకి ఎండి, నల్లగా మెరిసే గింజ రాలాలి. వచ్చే ఏడాదికి విత్తనం అదే.

ఇక తంగేడు. రాష్ట్ర పుష్పమని గోడ మీద బొమ్మ వేయిస్తాం గానీ మొక్క పెట్టం! గింజ పెంకు గట్టిది, వేడినీళ్లలో వేసి రాత్రంతా నాననిచ్చి విత్తు. మేకలు పెద్దగా ముట్టవు కాబట్టి కంచెగానూ పనికొస్తుంది.

3. చవితి పత్రి కోసం వచ్చేవాళ్లను గేటు దగ్గర ఆపకు, దగ్గరుండి కోయించు. 21 పత్రాల్లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి, మూడూ విషమే. జిల్లేడు పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి. ఫస్టియర్ పిల్లలకు వర్గీకరణ చెప్పడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు. ఉత్తరేణి, వావిలి, రేగు, మద్ది... ఆకు చేతిలో పెట్టి పేరు చెబితే హెర్బేరియం సగం అయిపోయినట్టే.

4. వేపను చలికాలంలో కొట్టించకు, ఉగాదికి పూత ఉండదు. 2021 ప్రాంతంలో తెలంగాణ అంతటా వేపలు శిలీంధ్రం సోకి కొసల నుంచి మాడిపోతే, చచ్చాయని కొట్టేయమన్నవాళ్లే ఎక్కువ. ఎండలు ముదిరేసరికి చాలా చెట్లు మళ్లీ చిగురించాయి.

5. దసరాకు బంతి కావాలంటే జులైలోనే నారు పోయించు. ఆయుధపూజనాడు మైక్రోస్కోపులకు దండలు వేసుకోనీ, ఐపీసు మీద కుంకుమ బొట్టు మాత్రం పెట్టనివ్వకు. తుడవలేక చస్తాం.

6. కోనోకార్పస్ పెడదామంటే ఒప్పుకోకు. తెచ్చి నాటించిన ప్రభుత్వమే తర్వాత వద్దంది. నా అభ్యంతరం వేరే: ఏడాది పొడవునా ఒకేలా ఉండే చెట్టు కింద పిల్లలకు ఏ కార్తె నడుస్తోందో ఏం తెలుస్తుంది? దాన్ని కోసుకునే పండగా లేదు.

7. ఉసిరి ఒక్కటే పెడితే కాయ సరిగా పట్టదు. రెండు రకాల అంట్లు తెచ్చి దగ్గరదగ్గరగా నాటించు, పక్కనే ఒక నల్లా పెట్టించు. కార్తీకంలో వనభోజనాలకు వచ్చినవాళ్లు చేతులు కడుక్కున్న నీళ్లు వాటికే పోతాయి. విస్తళ్లు మోదుగాకువే తెప్పించు, నన్నూ పిలువు.