ట్రక్కు కట్టే ముందు: ఇరుసు, పిన్ను, బ్రేకు

మొన్న హాస్టల్లో ఒక ఫ్రెండ్ వీడియో చూపించాడు. అమెరికాలో ఎవరో పికప్ వెనక పడవ తగిలించుకుని సరస్సుకి బయల్దేరుతున్నాడు. బయల్దేరే ముందు పిన్ను, గొలుసులు, లైట్లు, టైర్లు ఒక్కొక్కటే వంగి చూసుకుంటున్నాడు. "పడవ లాగడానికి ఇంత హడావుడి అవసరమా?" అని మావాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎందుకో చివర్లో చెప్తాను. ముందు పాఠం.

మాది నల్లపాడు. మా దగ్గర పడవల్లేవు, మిరప టిక్కీలున్నాయి. సీజన్ వస్తే పల్లెల్లో కల్లాల మీంచి గుంటూరు యార్డుకి ట్రాక్టర్లు బారులు తీరతాయి. ట్రాక్టరు వెనక తగిలించే ట్రైలర్‌నే మేము ట్రక్కు అంటాం. అక్కడ పడవ అయినా, ఇక్కడ మిరపకాయలు అయినా లెక్క ఒకటే. మన ఫస్టియర్ మెకానిక్స్ చాలు.

మొదటిది, బరువు ఎక్కడ ఉందన్నది. రెండు చక్రాల ట్రక్కు తీసుకోండి. ఖాళీ బరువు ఒక టన్ను అనుకుందాం. టిక్కీ సుమారు 45 కిలోలు, 90 టిక్కీలు వేస్తే నాలుగు టన్నులు. మొత్తం 5,000 కిలోలు. పిన్ను నుంచి ఇరుసుకి దూరం 3.5 మీటర్లు. మొత్తం బరువు కేంద్రం ఇరుసుకి 35 సెంటీమీటర్లు ముందుంటే, ఇరుసు దగ్గర మొమెంట్లు తీయండి:

5,000 × 0.35 ÷ 3.5 = 500 కిలోలు.

అంటే మొత్తంలో 10 శాతం పిన్ను మీద కూర్చుంటుంది. (బలాన్ని కిలోల్లోనే చెప్తున్నాను. న్యూటన్లు కావాలంటే 9.81తో గుణించుకోండి.) మామూలు ట్రైలర్లకి 10 నుంచి 15 శాతం ఉండాలని ప్రపంచమంతా చెప్పే లెక్క ఇదే. ఇప్పుడు అదే 35 సెంటీమీటర్లు ఇరుసుకి వెనక్కి పోయిందనుకోండి. పిన్ను మీద పడాల్సిన 500 కిలోలు పిన్నుని పైకి లేపుతాయి. ట్రాక్టరు వెనక టైర్లకి పట్టు పోతుంది, ట్రక్కు తోక ఊపడం మొదలుపెడుతుంది. తేడా అంతా కలిపి 70 సెంటీమీటర్లు, మూరన్నర. పడవలకి ఇంజను వెనకే ఉంటుంది కాబట్టి వాళ్ల ట్రైలర్లకి ఇరుసుని బాగా వెనక్కి పెడతారు. కారణం ఇదే.

ఈ సంగతి మా తాతయ్యకి మొమెంట్లు రాకుండానే తెలుసు. ఎడ్లబండి మీద పత్తి బోరేలు వేసేటప్పుడు కాడి చేత్తో ఎత్తి చూసేవాడు. మరీ తేలిగ్గా లేచిందా, వెనక మొగ్గు ఎక్కువైందని రెండు బోరేలు ముందుకి జరిపించేవాడు. అసలు లేవలేదా, ఎడ్ల మెడలు పుండ్లు పడతాయని వెనక్కి జరిపించేవాడు.

రెండోది, ఎక్కడ కడుతున్నాం అన్నది. రెండు టన్నుల ట్రాక్టరులో ముందు చక్రాల మీద 800 కిలోలు, వెనక 1,200 అనుకోండి. చక్రాల మధ్య దూరం 2 మీటర్లు. బండి బురదలో దిగబడితే కొందరు తొందరలో గొలుసుని పైనున్న టాప్ లింకుకి కడతారు. నేల నుంచి మీటరు ఎత్తులో 1,500 కిలోల బలంతో లాగితే ముందు చక్రాల మీంచి 1,500 × 1 ÷ 2 = 750 కిలోలు తగ్గిపోతాయి. మిగిలేది 50. ఇంకాస్త క్లచ్ గట్టిగా వదిలితే ట్రాక్టరు గుర్రంలా లేచి డ్రైవరు మీదకే తిరగబడుతుంది. అదే గొలుసు కింద, అరమీటరు ఎత్తున ఉన్న డ్రాబార్‌కి కడితే తగ్గేది 375 మాత్రమే. అందుకే లాగడం ఎప్పుడైనా డ్రాబార్‌తోనే.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఆగడం. లాగగలిగే ట్రాక్టరు ఆపగలుగుతుందని ఏమీ లేదు. మా ట్రక్కుకి బ్రేకుల్లేవు. ట్రాక్టరు బ్రేకు పనిచేసేది వెనక చక్రాల మీదే. పిన్ను ఇరుసుకి 70 సెంటీమీటర్లు వెనకుంటే, ఆ 500 కిలోలతో కలిపి వెనక చక్రాల మీద బరువు 1,875 అవుతుంది. పొడి రోడ్డుకి ఘర్షణ గుణకం 0.6 వేసుకుంటే దొరికే బలం 1,125 కిలోలు. ఆపాల్సింది మాత్రం ఏడు టన్నులు. గంటకి 20 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కితే ఆగడానికి సుమారు 10 మీటర్లు పడుతుంది. 30లో అయితే 22 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లు, దూరం రెండు రెట్ల పైనే. తడి రోడ్డు అయితే ఇంకా ఎక్కువ.

ఇప్పుడు నాకు నవ్వు ఎందుకు రాలేదో చెప్తాను.

ట్రాక్టరుకి బ్రేకు పెడళ్లు రెండు ఉంటాయి, ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి. పొలంలో చాలు చివర చిన్న జాగాలో తిప్పుకోడానికి విడివిడిగా తొక్కుతారు. రోడ్డెక్కితే మాత్రం ఆ రెంటినీ కలిపే లాక్ వెయ్యాలి. పోయిన ఫిబ్రవరిలో సెలవుకి ఇంటికెళ్లాను. సాయంత్రం టిక్కీలు లోడు చేసి, చీకటి పడ్డాక బయల్దేరుతున్నాం. పొద్దున్నంతా ఆ ట్రాక్టరు పొలంలో తిరిగింది. బాబాయి తాడు బిగిస్తూ, "పెడళ్ల లాక్ ఏశావంట్రా?" అని అడిగాడు. నేను ఫోన్ చూసుకుంటూ "ఏశాను బాబాయ్" అన్నాను. వెయ్యలేదు. అసలు చూడనేలేదు.

నల్లపాడు దగ్గరకొచ్చాక ఒక బైకు అడ్డంగా వచ్చింది. బాబాయి కాలు కుడి పెడల్ మీద పడింది. కుడి చక్రం ఒక్కటే బిగిసింది, ట్రాక్టరు కుడికి, ఎదురొచ్చే బళ్ల వైపు తిరిగింది. వెనక ఐదు టన్నులు ఆగకుండా తోస్తుంటే బండి మడత కత్తిలా మడుచుకుంది. మా అదృష్టం, ఆ నిమిషంలో ఎదురుగా ఏ బండీ లేదు. బైకతను తప్పుకున్నాడు. పాతిక టిక్కీలు రోడ్డు మీద పడ్డాయి. మడ్‌గార్డు మీద కూర్చున్న నేను పక్కన మట్టిలో పడ్డాను, దెబ్బల్లేవు. స్టీరింగు విసురుకి బాబాయి మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో కట్టు కడుతుంటే నిజం చెప్పేశాను. బాబాయి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "తెలీదంటే నేనే చూసుకునేవాణ్ణి కదరా" అన్నాడు. అంతే. ఆ సీజన్ మిగతా కోతలన్నీ పిన్ని ఒక్కతే చూసుకుంది.

మీ ఇంట్లో ట్రాక్టరు ఉంటే బయల్దేరే ముందు ఇవి చూడండి. ఐదు నిమిషాలు చాలు.

పిన్ను అసలుదేనా, కింద లించ్ పిన్ను ఉందా? మేకు, ఇనప కడ్డీ పెట్టి నడపొద్దు. రెండు గొలుసులు డ్రాబార్ కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి దాటేలా వేశారా? పిన్ను ఊడినా ట్రక్కు ముక్కు నేలకి తగలకుండా వాటి మీద ఆగుతుంది. టైర్లలో గాలి రెండు వైపులా సమానంగా ఉందా? వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు దుమ్ము తుడిచి ఉన్నాయా? రాత్రిపూట వెనక నుంచి వచ్చేవాడికి కనిపించేది అవే. బరువు ఇరుసుకి కాస్త ముందుందా? మడ్‌గార్డు మీద, బస్తాల మీద ఎవరైనా కూర్చున్నారా? దింపండి. పెడళ్ల లాక్ వేశారా? చేత్తో కదిపి చూడండి.

ఈసారి కూడా బాబాయి లాక్ గురించి అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. టార్చి వేసి, వంగి, చేత్తో కదిపి చూసి, అప్పుడు చెప్పాను.