హోటలు వంటింట్లో వేడి - దాని ఖరీదు

హోటలు అనగానే మనకు గుర్తొచ్చేది వేడివేడి ఇడ్లీ, పొగలు కక్కే కాఫీ. ఆ పొగల వెనక ఎంత ఇంధనం ఖర్చవుతోందో మనం ఆలోచించం. బిల్లు కట్టి, నాలుగు సోంపు గింజలు నోట్లో వేసుకుని వచ్చేస్తాం. నేనూ అంతే. అయితే ఒక వేసవి సెలవుల్లో మా బాబాయిగారి టిఫిన్ హోటల్లో నెలరోజులు గల్లా దగ్గర కూర్చోవలసి వచ్చింది. క్లాసులో బట్టీపట్టిన ఉష్ణశాస్త్రం అక్కడ వంటింట్లో నాకు ఎదురుపడింది. ఆ పాఠాన్నే మిత్రులతో పంచుకుందామని ఈ చిన్న ప్రయత్నం.

మూత విలువ

లీటరు నీళ్ళను 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 70 కిలో కాలరీలు చాలు. కాని ఆ మరిగిన లీటరు నీళ్ళు ఆవిరైపోవాలంటే ఇంకా 540 కిలో కాలరీలు కావాలి. అంటే మరిగించడానికయ్యే వేడికి ఏడు రెట్లకు పైమాటే! గుండిగలో పది లీటర్ల నీళ్ళు మరగడానికి 700 కిలో కాలరీలు పట్టిందనుకోండి. మూత లేక రెండు లీటర్లు ఆవిరైతే, ఆ దండగే 1080 కిలో కాలరీలు. అసలు కంటే కొసరు ఎక్కువ.

ఇంకో సంగతి. నీళ్ళు మరగడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా వాటి వేడి 100 డిగ్రీలు దాటదు. పప్పు త్వరగా ఉడకదు, గ్యాసు మాత్రం త్వరగా అయిపోతుంది. పప్పు ముందుగా నానబెట్టడం, మరగగానే మంట తగ్గించడం మన అమ్మమ్మలకు తెలిసిన విద్యే. రద్దీ వేళ హోటల్లో అది ఎవరికీ గుర్తుండదు.

ఆ వేడి ఎక్కడికి పోతుంది?

శక్తి నశించదని చదువుకున్నాం కదా. మరి గిన్నెకు అందని వేడి ఏమైనట్టు? నేరుగా మాస్టరు ఒంటి మీదికి పోతుంది. మే నెల మధ్యాహ్నం, పెనం ముందు నిలబడ్డ మాస్టరును "అంతసేపు ఎలా ఉంటారండీ?" అని అడిగాను. "మాది పొయ్యి ముందు పని కాదు బాబూ, పొయ్యిలో పని" అన్నాడు. అట్టు ఆర్డరు లేనప్పుడు కూడా ఆ పెనం కింద పెద్ద మంటే! వృథా అయిన ప్రతి కాలరీకీ యజమాని డబ్బు కడుతున్నాడు, పనివాడు చెమట కడుతున్నాడు.

పక్కన ఏ.సి. హాలు ఉంటే మూడో ఖర్చు కూడా ఉంది. వంటింటి తలుపు తెరిచినప్పుడల్లా వేడిగాలి హాల్లోకి వస్తుంది. దాన్ని బయటికి తోడడానికి మళ్ళీ కరెంటు ఖర్చు. ఒకే వేడికి రెండుసార్లు బిల్లు కట్టడమన్నమాట.

లాడ్జి గదుల సంగతి

గదులున్న హోటళ్ళలో స్నానాల నీళ్ళు, ఏ.సి. పెద్ద ఖర్చులు. యూనిట్ కరెంటు 860 కిలో కాలరీల వేడితో సమానం. 25 డిగ్రీల నీళ్ళను 40 డిగ్రీలకు కాచాలంటే, ఇరవై లీటర్ల బకెట్‌కు మూడో వంతు యూనిట్ సరిపోతుంది. నిమిషానికి తొమ్మిది లీటర్ల షవరు కింద పది నిమిషాలు నిలబడితే ఒకటిన్నర యూనిట్ పైనే. ఏ.సి.ని ఒక డిగ్రీ పెంచి పెట్టుకుంటే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్రప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ చెబుతున్నది. 2020 జనవరి 1 నుంచి అమ్మే గది ఏ.సి.లు, ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలయ్యేట్టు నిబంధన పెట్టింది కూడా. పెద్ద హోటళ్ళు కొన్ని ఏ.సి. యంత్రం వదిలే వేడితోనే నీళ్ళు కాచుకుంటాయి.

సూర్యుడి సాయమూ ఉంది. తిరుమలలో నిత్యాన్నదానం వంటశాల కోసం 2002లో 106 అద్దాల పళ్ళేలు అమర్చి, ఎండతో ఆవిరి పుట్టించి, రోజుకు 15 వేల మందికి వండే ఏర్పాటు చేశారు.

చిన్న హోటళ్ళు చేయదగినవి

1. ప్రతి గిన్నెకూ సరిపడే మూత.
2. ఆర్డరు లేనప్పుడు పెనం కింద సన్నని మంట.
3. మంట పసుపురంగుకు తిరిగితే బర్నరు శుభ్రం చేయించడం.
4. వంటింటి తలుపు దానంతటదే మూసుకునే ఏర్పాటు.
5. గ్యాసు బండ మార్చిన ప్రతిసారీ గోడ మీద తేదీ రాయడం. కొలత లేనిదే పొదుపు తెలియదు.

చివరి మాట

మా బాబాయిగారు మొదట నవ్వి, "చదువుకున్నవాడివి, గల్లా చూసుకోరా" అన్నారు. వారం తిరిగేసరికి రేకుల షాపు నుంచి రెండు మూతలు తెచ్చారు. గోడ మీద తేదీలు రాసే పని నాకే పడింది. బండ రెండురోజులు ఎక్కువ వస్తే ఆ డబ్బుతో ఏం చేస్తారని అడిగితే, "చూద్దాంలే" అన్నారు.

నా మనవి ఒక్కటే. మిగిలిన మొదటి రూపాయి, మాస్టరు వెనక గోడకు వేడిగాలి లాగే ఫ్యాను పెట్టించడానికి వెళ్ళాలి. ఇన్నాళ్ళూ ఆ దండగను తన ఒంటితో భరించింది అతనే కదా! మన హాస్టలు మెస్సులోనూ గుండిగలున్నాయి, వాటి ముందు మనుషులున్నారు. ఈసారి భోజనానికి వెళ్ళినప్పుడు ఒక్కసారి లోపలికి తొంగిచూడండి. మూతలున్నాయో లేవో!