చేతిపని ఫలము

ఈ నెల పాఠము. చదువవలసిన వాక్యభాగములు: అపొ. కార్యములు 9:36–43, సామెతలు 31:10–31, మార్కు 2:21, యాకోబు 5:4.



యొప్పేలో దొర్కా మరణించినప్పుడు ఆ మేడగదిలో పేతురునకు ఎవరును ఆమె గుణగణములను వర్ణించి చెప్పినట్లు లూకా వ్రాయలేదు. విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె తమకు కుట్టి ఇచ్చిన బట్టలను అతని ముందర పెట్టిరి. ఆమె నోటి మాట ఒక్కటైనను ఆ అధ్యాయములో కనబడదు. తబితా అను అరామిక్ పేరునకును దొర్కా అను గ్రీకు పేరునకును లేడి అనియే అర్థము. అనేక స్థలములలో స్త్రీల కుట్టుపని కూటములు దొర్కా సమాజములని పేరు పెట్టుకొనుటకు ఈ తల్లియే కారణము. చేతిపనినిగూర్చి ఈ నెల ధ్యానింతము. అయితే ధ్యానముతో ఊరకుండక సూది, దారము, లెక్క పుస్తకము దగ్గర పెట్టుకొని కూర్చుందము.

మొదట మాసికతో ఆరంభింతము. పాత బట్టకు కోరా గుడ్డ మాసిక వేయకూడదని ప్రభువు చెప్పిన సంగతి మనమందరము ప్రసంగములలో వినియున్నాము. దాని ఆత్మీయార్థమును బోధకులు చెప్పుదురు. ఇంటి పనిగా కూడ అది అక్షరాల నిజము. తడియని క్రొత్త గుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకొనును. చుట్టునున్న పాత బట్ట అప్పటికే నలిగి బలహీనమై యుండును గనుక, ముడుచుకొను మాసిక దానిని లాగి చింపును. కాబట్టి మాసికకు వాడు గుడ్డను ముందుగా రెండు మారులు తడిపి ఎండబెట్టవలెను. చిరుగు అంచుననే కుట్టక, చుట్టును అంగుళము దూరము గట్టి బట్ట మీదికి మాసికను పోనిచ్చి కుట్టవలెను. పిల్లవాని నిక్కరు మోకాలి దగ్గర గాని, రవిక చంక దగ్గర గాని పలుచబడుచున్నదని వెలుతురునకు పట్టి చూడగానే తెలియును. అప్పుడే లోపలనుండి గుడ్డ వేసినయెడల చిరుగు రానేరాదు.

బొంత కుట్టుట మన అవ్వల నాటి పని. దుకాణములలో రంగు దుప్పట్లు చౌకగా దొరకుచున్నవని ఈ దినములలో దానిని చిన్నచూపు చూచుచున్నారు. నాలుగైదు పాత నూలు చీరలు పొరలుగా వేసి కుట్టిన బొంతకున్న మెత్తదనము క్రొత్త బట్టకు రాదు. బాలింతలు బిడ్డకు పాత చీర బొంతనే అడుగుట ఇందుకే. చీరలను ముందుగా ఉదికి, గంజి పూర్తిగా పోగొట్టి, జరీ అంచు ఉన్నయెడల కత్తిరించి తీసివేయవలెను; జరీ పసిబిడ్డ చర్మమునకు గుచ్చుకొనును. చాపమీద పొరలు పరచి, నాలుగు మూలల బరువులు పెట్టి, నడుమనుండి అంచులకు పెద్ద టాకాలు వేసినయెడల గుడ్డ ముడుతలు పడదు. తరువాత వేలెడు ఎడముగా వరుసలు కుట్టుకొనుచు పోవలెను. నైలాను, పాలియెస్టరు చీరలు చెమటను పీల్చవు. అవి తప్ప వేరేవి లేనియెడల నడిమి పొరలలో పెట్టి, ఒంటికి తగులు రెండు వైపుల నూలు గుడ్డ ఉంచవలెను.

ఇక ఊలు అల్లిక. కోస్తా గ్రామములలో స్వెట్టరు అక్కర కొన్ని వారములే. అరకు, పాడేరు ప్రాంతములలోను, ఆదిలాబాదు వైపునను చలి గట్టిది. అక్కడివారికి ఇది వేడుక పని కాదు. క్రొత్త ఊలు కొనకముందు పెట్టెలోని పాత స్వెట్టరును చూడుడి. మోచేతులు చిరిగినను ఒళ్లు బాగుండును. కుట్టిన అతుకులను జాగ్రత్తగా విప్పి, అల్లిక ముగించిన కొసనుండి లాగినయెడల దారము వరుసగా వచ్చును. మొదలుపెట్టిన కొసనుండి లాగిన చిక్కుపడును. వచ్చిన దారమును కుర్చీ వీపునకు చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీటిలో ముంచి పిండక నీడను వ్రేలాడదీయవలెను. మెలికలన్నియు సర్దుకొనును. పిమ్మట ఉండగా చుట్టునప్పుడు బిగించక వదులుగా చుట్టవలెను.

దుకాణములో ఊలు అని అమ్మునది అంతయు గొఱ్ఱెబొచ్చు కాదు. చాల భాగము ఆక్రిలిక్కు. తెలిసికొనుటకు వేలెడు దారమును పట్టకారుతో పట్టి మట్టి మూకుడుమీద కాల్చి చూడవచ్చును. నిజమైన ఊలు వెండ్రుకలు కాలిన వాసన కొట్టి, నలుపగానే పొడియగు బూడిద విడుచును. ఆక్రిలిక్కు కరగి గట్టి గుండుగా మారును. ఆక్రిలిక్కు చెడ్డదని మేము చెప్పుట లేదు. అది చౌక, ఉదుకుట సులువు. దానితో మసిగుడ్డ మాత్రము అల్లవద్దు, పొయ్యి దగ్గర మసలు పిల్లలకు తొడుగవద్దు. పసివారి టోపీలకు మెడచుట్టు పొడుగు త్రాళ్లు కట్టవద్దు.

అల్లిక నేర్చుకొను చిన్న అక్కలు ఎక్కువగా ఓర్పు కోలుపోవు స్థలము ఒకటున్నది. అది నమూనా ముక్క అల్లి కొలుచుట. ఒక గంట వృథా అని దానిని మానుదురు. నాలుగు అంగుళములలో 22 కుట్లు వచ్చినయెడల అంగుళమునకు అయిదున్నర. ఛాతీ చుట్టు 24 అంగుళములు కావలెనన్న 132 కుట్లు పెట్టవలెను. అదే దారము, అవే సూదులు పట్టి మరియొక అక్క వదులు చేతితో అల్లిన నాలుగు అంగుళములలో 20 కుట్లే రావచ్చును. ఆమెయు 132 కుట్లే పెట్టినయెడల స్వెట్టరు 26 అంగుళములు దాటును. పుస్తకములోని లెక్క ఆ పుస్తకము వ్రాసినవారి చేతిది. మన చేతి లెక్క మనమే చూచుకొనవలెను.

హన్నా తన కుమారునికి ఏటేట చిన్న అంగీ ఒకటి కుట్టి తీసికొనిపోయెడిదని సమూయేలు మొదటి గ్రంథము రెండవ అధ్యాయములో ఉన్నది. ఏడాదికొకటి ఎందుకనగా బాలుడు ఎదుగుచుండెను. దూరముననున్న బిడ్డ ఎంత పొడుగెదిగెనో ఆ తల్లి మనసులో కొలుచుకొనియే కదా కత్తిరించినది! పిల్లల స్వెట్టరును మెడనుండి క్రిందికి అల్లుట మంచి పద్ధతి. మరుసటి యేడు పొట్టిదైనప్పుడు క్రింది అంచు మాత్రము విప్పి, కుట్లను సూదికి ఎక్కించుకొని, మరి రెండు అంగుళములు అల్లవచ్చును. చేతులును అట్లే.

ఒక మాట చనువుగా చెప్పుచున్నాము. టీవీకి ముసుగు, ఫ్రిజ్జి పిడికి తొడుగు, నీళ్ల సీసాకు చొక్కా, ఇట్లు కనబడిన వస్తువునకెల్ల క్రోషా బట్టలు తొడుగుట పొదుపు కాదు. దారమునకు ధర ఉన్నది. వాటిని ఉతుకు నీటికిని ధర ఉన్నది.

ఇంతవరకు ఇంటికొరకు చేయు పనిని చూచితిమి. అమ్మకముకొరకు చేయు పని దారి వేరు, దాని చరిత్ర మన సంఘములకు మిక్కిలి సమీపమైనది. 1836లో తెలుగు దేశమునకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ గార్లు గోదావరి డెల్టాలో నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో సువార్త పని చేసిరి. ఆ శతాబ్దములోనే మిషనరీ స్త్రీలు అక్కడి బీద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. వారి ఉద్దేశము మంచిది: ఇల్లు కదలలేని స్త్రీకి నాలుగు డబ్బులు కలుగవలెననియే. కాలక్రమమున ఆ పని సంఘమును దాటి ఇతర కుటుంబముల స్త్రీలకును వ్యాపించి, లేసు సముద్రము దాటి అన్య దేశములకు పోయెను.

అయితే ఆ డబ్బు ఎవరి చేతికి చేరెను? మరియా మీస్ అను జర్మను పండితురాలు నరసాపురము లేసు స్త్రీలమధ్య పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకము ప్రచురించిరి. ఇంటి పని అంతయు చేసికొని, దానిపైన దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు స్త్రీలు లేసు అల్లుచున్నారనియు, అయినను లోకము వారిని పనివారుగా ఎంచక, తీరిక వేళ ఏదో చేసికొను గృహిణులుగా ఎంచుచున్నదనియు ఆమె చూపిరి. తీరిక పని అని పేరు పెట్టగానే కూలి తగ్గించుట సులువు. పని కూడ ముక్కలైనది. పువ్వులు అల్లువారు ఒకరు, వాటిని కలిపి అతుకుపని చేయువారు మరియొకరు. పువ్వు మాత్రమే తెలిసిన అక్క పూర్తి వస్తువును తానుగా అమ్మజాలదు. దారమిచ్చి ముక్కలు తీసికొనిపోవు ఏజెంటు చెప్పినదే ఆమెకు ధర.

2024లో నరసాపురము క్రోషా లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇక వేరొక చోటి సరుకును ఆ పేరుతో అమ్మరాదు. ఇది సంతోషించదగిన సంగతి. అయినను ఆ గుర్తింపు సరుకు పేరును కాపాడునే గాని, కొక్కెము పట్టిన చేతికి కూలి నిర్ణయించదు. దానికి లెక్క కావలెను.

ఒక ఉదాహరణ వేసి చూతము. దారమునకు 60 రూపాయలు. అల్లిన మేజా గుడ్డ 300 రూపాయలకు పోయినది. మిగిలినది 240 అని సంతోషింతుము. దానికి మూడు వారములు, దినమునకు రెండు గంటలు పట్టినదనుకొందము. మొత్తము 42 గంటలు. గంటకు ఆరు రూపాయలైనను గిట్టలేదు. ఈ లెక్క వ్రాసికొనని అక్క మరుసటి మారు 250కే ఇచ్చును. వ్రాసికొనిన అక్క, ఈ రకము అమ్మకమునకు పనికిరాదు, వేరొకటి అల్లుదునని గాని, ఈ ధరకు ఇయ్యనని గాని చెప్పగలదు.

సామెతలు ముప్పది యొకటవ అధ్యాయమును తల్లుల దినమున చదివి, తెల్లవారకముందు లేచు భార్యను మెచ్చుకొని పుస్తకము మూయుట వాడుక. ఆమె గొఱ్ఱెబొచ్చు వెదకినదని పదమూడవ వచనములో చదువుదుము. పదునెనిమిదవ వచనములో ఆమె తన వ్యాపారము లాభకరమని తెలిసికొనుచున్నది, అనగా లెక్క చూచుచున్నది. ముప్పది యొకటవ వచనమైతే ఆమె చేతిపని ఫలమును ఆమెకే ఇయ్యవలెనని ఇతరులకు ఆజ్ఞాపించుచున్నది. సహోదరులారా, ఆ వచనము మనకు వ్రాయబడినది. భార్య లేసు డబ్బును అడుగకుండ తీసికొను అలవాటు మన ఇండ్లలో ఉన్నదా? గుమ్మములోనికి వచ్చిన లేసు అమ్మితో సగము ధరకు బేరమాడుచున్నామా? కోత కోసిన కూలివారికి బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదని యాకోబు వ్రాసినప్పుడు పొలమునుగూర్చి చెప్పెను. కొక్కెముతో చేసిన పనికి అది వర్తింపదని ఎట్లు చెప్పగలము?

కోతపండుగ వేలమునకు స్త్రీలు ఇష్టపూర్వకముగా అల్లి ఇచ్చునది కానుక. ప్రత్యక్షపు గుడారమునకు స్త్రీలు తమ చేతులతో నూలు వడికి తెచ్చిన సంగతి నిర్గమకాండము 35వ అధ్యాయములో చదువుడి. కానుకకు కూలి అడుగము. కాని అది ఎన్ని గంటల కానుకయో సంఘమునకు తెలియుట న్యాయము.

వచ్చు నెల స్త్రీల కూటమునకు ప్రతివారు ఉతికిన పాత నూలు చీర ఒకటియు, సూది దారమును తీసికొని రావలెనని కోరుచున్నాము. బొంత ఒకటి అందరము కలిసి కుట్టుదము. పువ్వులు అల్లుట వచ్చినవారు అతుకుపని వచ్చినవారి ప్రక్కన కూర్చుండవలెను. ఈలోగా అమ్మకమునకు పని చేయువారు తమ గంటలు వ్రాసికొనుడి. వ్రాయుట రాని తల్లులు గంటకొక చింతగింజ చొప్పున డబ్బాలో వేసికొనినను చాలును. కూటములో కూర్చుండి ఆ గింజలను లెక్కింతము.