ఇంటి చెంత చెట్టు - వేళ్ల వ్యవహారము

పరకాల ప్రాంతమున ప్రత్తి పండించు నల్లరేగడి నేలలు కలవు. వేసవిలో ఈ నేల నెఱ్ఱెలు విచ్చును. వానలు పడగానే ఉబ్బి మరల కలిసికొనును. ఇది రైతులకు తెలియని సంగతి కాదు. కాని ఇంటి ముంగిట మొక్క నాటునపుడు మాత్రము మనము దీనిని మరచుచుందుము.

గోడ బీటలు వారినచో "వేరు వచ్చి గోడను త్రోసినది" అందురు. పలుచని గచ్చును, అరుగును, ప్రహరీని వేరు లావెక్కి పైకెత్తుట నిజమే. బరువైన ఇంటి గోడ విషయమున తరచుగా జరుగునది వేరొకటి. ఎండకాలమున పెద్ద చెట్టు పునాది క్రింది తడిని పీల్చివేయును. తడి తగ్గిన రేగడి కుంగును. చెట్టువైపు మూల మాత్రమే కుంగుటచేత కిటికీల మూలలనుండి ఏటవాలుగా బీట పుట్టును. వేసవిలో వెడల్పై, వానకాలమున సన్నగిల్లుట దీని గుర్తు. చెల్క నేలలో ఈ బాధ స్వల్పము.

వేళ్లన్నియు లోతునకే పోవునని పలువురి నమ్మకము. వానిలో అధికభాగము పై మూడడుగుల మంటిలోనే, కొమ్మల నీడను దాటి వ్యాపించును. కావున రేగడిలో చెట్టు ఎంత ఎత్తు పెరుగునో ఇంటికి అంత దూరమున నాటుట క్షేమము. గాలికి మంచిదని వేపను గుమ్మము ప్రక్కనే నాటుదురు. అది నలువది, ఏబది అడుగులు పెరుగునని తలచువారు తక్కువ. మర్రి, రావి, జువ్వి రచ్చకట్టకు తగును గాని పెరటికి తగవు. పెరటికి కరివేప, నిమ్మ, దానిమ్మ చాలును.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము, నాటిన మొక్కలలో 85 శాతము బ్రతికించు బాధ్యత పంచాయతీపై కలదు. ఇంటివారు నీరు పోయుదురు గదా యని గోడవారనే గుంటలు తీయించినచో లెక్క సరిపోవును. పదేండ్ల పిమ్మట ఆ ఇంటివారే చెట్టు కొట్టించుమని దరఖాస్తు పెట్టుదురు.

అట్టి దరఖాస్తు వచ్చినపుడు తొందరపడరాదు. మొదట గోడ ప్రక్కన మురుగు నీరు ఇంకుచున్నదేమో, నల్లా గొట్టము కారుచున్నదేమో చూడవలెను. బీట ఇరుప్రక్కల గీతలు గీసి, తేదీ వ్రాసి, ఒక వేసవి, ఒక వానకాలము గమనింపవలెను. వేళ్లు నరుకవలసివచ్చినచో మొదలు దగ్గర నరుకరాదు. అడుగు మందము గల మ్రానుకు చుట్టును పది పండ్రెండడుగుల వరకు వేళ్లను ముట్టకుండుట మేలు. ఆ దూరము దాటిన పిదప కందకము తీసి, గొడ్డలితో చీల్చక, రంపముతో నునుపుగా కోయవలెను. ఒకవైపు వేళ్లన్నియు తీసిన చెట్టు గాలివానకు ఆ ఇంటిమీదనే కూలవచ్చును.

పూర్తిగా కొట్టివేయుటయు నిరపాయము కాదు. ఇంటికంటె పాతదైన పెద్ద చెట్టును తీసివేసినచో, ఏండ్ల తరబడి ఎండియున్న రేగడి తడి పీల్చి ఉబ్బి, గోడనే ఎత్తగలదు. చెట్టు కొట్టుటకు 2002 నాటి వాల్టా చట్టము ననుసరించి ముందుగా అనుమతి పొందవలెను.

రావి సంగతి వేరు. పిట్టలు వేసిన విత్తనము గోడ సందులోనే మొలచును. ఆకులు మాత్రమే త్రుంచిన మరల చిగిర్చును; రెండాకుల నాడే వేరుతో సహా తీయవలెను. పీకుటకు మనసొప్పనివారు దానిని బడి ఆవరణపు దూరపు మూలలో నాటవచ్చును.