రెండో ప్రశ్న అమ్మానాన్నలది

"పదమూడో ఎక్కం సగంలోనే మరిచిపోతాడండీ. అదే కోల్‌కతాలో లక్ష్మణ్ ఎన్ని పరుగులు కొట్టాడో అడగండి, నిద్రలో లేపినా చెప్తాడు."

ఒక తల్లి నాతో ఈ మాట అన్నప్పుడు ఆమె గొంతులో సగం ఫిర్యాదు, సగం మురిపెం వినిపించాయి. పక్కనే నిలబడ్డ పిల్లవాడు తల దించుకున్నాడు. తనకు అంత బాగా తెలిసిన సంగతి గొప్పో తప్పో వాడికి తేలలేదు.

ఇలాంటి పిల్లలు ఈ రోజుల్లో చాలా ఇళ్ళలో ఉన్నారు. ఏ సినిమా ఏ సంవత్సరంలో వచ్చింది, ఏ పాట ఎవరు పాడారు, ఏ సీరియల్లో ఎవరు ఏ వేషం వేశారు, ఒలింపిక్స్‌లో ఎవరికి ఏ పతకం వచ్చింది అంటూ గుక్కతిప్పుకోకుండా చెబుతారు. "ఈ తెలివి చదువులో చూపిస్తే ఎంత బాగుండు" అని మనం నిట్టూరుస్తాం. ఆ నిట్టూర్పు విన్న పిల్లలు రెండు పనుల్లో ఒకటి చేస్తారు. తమకు తెలిసింది మన దగ్గర దాచుకుంటారు. లేదంటే మన మీద పంతంతో అందులోనే మునిగిపోతారు. రెండూ మనకు నష్టమే.

ముందు ఒక భయం వదిలించుకుందాం. సినిమా సంగతులు బుర్రలో నిండిపోతే పాఠాలకు చోటుండదని అనుకోకండి. ఒక రకం గింజలు పోస్తే మరో రకం పట్టకపోవడానికి జ్ఞాపకం ధాన్యపు గాదె కాదు. పిల్లలకు ఇష్టమైంది గుర్తుంటుంది. తమంతట తాము వెతికి పట్టుకున్నది ఇంకా బాగా గుర్తుంటుంది. మీ బిడ్డకు జ్ఞాపకశక్తి ఉందనడానికి కోల్‌కతాలో లక్ష్మణ్ కొట్టిన ఆ 281 పరుగులే సాక్ష్యం. దానికి దారి చూపడమే మన పని.

ఆ దారి ఎలా చూపాలి? టీవీలో క్విజ్ కార్యక్రమాలు చూసే ఉంటారు. 2014లో నాగార్జున నడిపిన "మీలో ఎవరు కోటీశ్వరుడు" లాంటివి ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. అక్కడ జవాబు సరైందని తేలగానే చప్పట్లు కొట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతారు. వాళ్ళకు సమయం తక్కువ. మన ఇంట్లో ఆ తొందర లేదు. జవాబు దగ్గర కాసేపు ఆగవచ్చు. మొదటి ప్రశ్న ఎవరైనా అడుగుతారు, దానికి జవాబు ఫోను కూడా చెబుతుంది. ఆగి రెండో ప్రశ్న అడగాల్సింది మాత్రం అమ్మానాన్నలే.

ఆ 281నే తీసుకుందాం. అబ్బాయి ఆ అంకె చెప్పగానే "భేష్" అని ఊరుకోకండి. "అసలు ఆ రోజు ఏం జరిగింది?" అని అడగండి. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా తొలి ఇన్నింగ్స్‌లో 445 పరుగులు చేసింది. మన జట్టు 171కే కుప్పకూలి ఫాలో ఆన్ ఆడాల్సి వచ్చింది. ఆరో స్థానంలో దిగి 59 పరుగులు చేసిన హైదరాబాద్ కుర్రాడు లక్ష్మణ్‌ను రెండో ఇన్నింగ్స్‌లో మూడో స్థానంలోకి పంపారు. మూడో స్థానంలో ఆడే ద్రావిడ్ ఆరుకు దిగాడు. నాలుగో రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ఇద్దరూ ఔట్ కాలేదు. ఇద్దరూ కలిసి 376 పరుగులు జోడించారు. మన జట్టు ఏడు వికెట్లకు 657 వద్ద డిక్లేర్ చేసి, ఆస్ట్రేలియాను 212కు ఆలౌట్ చేసింది.

ఇప్పుడు ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి, "ఎన్ని పరుగులతో గెలిచామో నువ్వే లెక్కకట్టు" అనండి. 445, 212 కలిపితే ఆస్ట్రేలియా రెండు ఇన్నింగ్స్ మొత్తం 657. మనం ఒక్క రెండో ఇన్నింగ్స్‌లో చేసింది కూడా సరిగ్గా 657. అంటే మిగిలిన 171, మనం తొలిసారి కుప్పకూలినప్పుడు చేసిన ఆ 171 పరుగులే మన గెలుపు తేడా! తక్కువని అందరూ నవ్విన ఆ స్కోరే చివరికి గెలుపై నిలిచింది. ఈ లెక్క తనంతట తాను తేల్చుకున్న పిల్లవాడి ముఖం ఒకసారి చూడండి. పదమూడో ఎక్కం అప్పజెప్పించుకోవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

ఇక సినిమాల దగ్గరికి వద్దాం. పిల్లలు హీరో పేరు చెప్పినప్పుడు "తెర మీద కనిపించని వాళ్ళెవరు?" అని అడగండి. 1957లో వచ్చిన "మాయాబజార్"లో ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు కూర్చుని పెళ్ళివంటలన్నీ ఆరగించే పాట చూసి నవ్వని పిల్లలుండరు. ఆ పాట పాడిన గొంతు మాధవపెద్ది సత్యానిది. కెమెరా పట్టిన మనిషి మార్కస్ బార్ట్‌లీ. దర్శకుడు కె.వి. రెడ్డి. అప్పట్లో సినిమా ట్రిక్కులకు కంప్యూటర్లు లేవు. మరి లడ్డూలు వాటంతట అవే కదిలి నోట్లోకి ఎలా వెళ్ళాయి? జవాబు మీరు చెప్పేయకండి. బల్ల మీద ఒక లడ్డూ పెట్టి, కొంచెం కొంచెం జరుపుతూ ఫోనుతో ఒక్కో ఫొటో తీయమనండి. ఆ ఫొటోలను గబగబా తిప్పితే లడ్డూ నడిచినట్టే ఉంటుంది. ట్రిక్కులకు ఎన్నో పద్ధతులున్నాయి, ఇది వాటిలో ఒకటి. అది తన చేత్తో చేసిన బిడ్డ ఆ తర్వాత సినిమాను వేరే కళ్ళతో చూస్తుంది.

"నాటు నాటు"కు ఆస్కార్ వచ్చిందని పిల్లలందరికీ తెలుసు. 2023 మార్చిలో ఆ బొమ్మ అందుకున్నవారు సంగీత దర్శకుడు కీరవాణి, పాట రాసిన చంద్రబోస్. పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. ప్రపంచమంతా అనుకరించిన ఆ అడుగులు కూర్చింది ప్రేమ్ రక్షిత్. ఆ బహుమతి పాట కట్టినవారికి, రాసినవారికి మాత్రమే ఇస్తారు. పాడినవారికి, ఆట నేర్పినవారికి అందులో వాటా లేదు. "ఇది న్యాయమేనా?" అని అడిగి పిల్లలను వాదించుకోనివ్వండి. మీ అభిప్రాయం చివర్లో చెప్పండి. ఒక పని వెనక ఎంతమంది చెమట ఉంటుందో ఈ ఒక్క పాటతో అర్థమవుతుంది. సినిమా మొదలవగానే టైటిల్స్‌ను ముందుకు నెట్టేసే అలవాటు మానుకుని, ఆ పేర్లు పిల్లలతో పైకి చదివించండి. తెలుగు చదవడం కూడా మెరుగవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటుంది. "నీకెలా తెలిసింది?" అన్నది. పిల్లలకు ఇప్పుడు చాలా సంగతులు అరనిమిషం వీడియోల్లోంచి వస్తున్నాయి. వాటిలో నిజమెంతో కల్తీ ఎంతో చూసేవారు తక్కువ. సినిమా వసూళ్ళ పేరిట అభిమానులు పంచుకునే అంకెలైతే చెప్పనక్కర్లేదు. ఇక్కడ తెలుగు సినిమా చరిత్రలోంచే ఒక ఉదాహరణ చెప్పాలి.

తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాలన్నీ రాశాయి. క్విజ్‌లలో అదే సరైన జవాబు. రెంటాల జయదేవ అనే పాత్రికేయుడు దాన్ని అలాగే నమ్మి వదిలేయలేదు. పాత పత్రికలు, కాగితాలు తిరగేశారు. ఆ చిత్రానికి సెన్సార్ సర్టిఫికెట్ వచ్చిందే 1932 జనవరి 22న అని తేల్చారు. సెన్సార్ కాని సినిమా అంతకు ముందే ఎలా విడుదలవుతుంది? బొంబాయిలోని కృష్ణా సినిమా హాల్లో 1932 ఫిబ్రవరి 6న అది విడుదలైందని ఆయన నిరూపించారు. ఇప్పుడు ఫిబ్రవరి 6నే తెలుగు సినిమా పుట్టినరోజుగా చెప్పుకుంటున్నాం.

ఈ కథ మీ పిల్లలకు తప్పక చెప్పండి. పుస్తకంలో ఉన్నా, పదిమంది చెప్పినా, సాక్ష్యం చూడాలన్న పాఠం ఇందులో ఉంది. "ఇంకో చోట కూడా చూద్దామా?" అన్న మాట ఇంట్లో అలవాటు కావాలి. ఆ అలవాటు సినిమా తేదీ దగ్గర మొదలై రేపు మందుల గురించి, డబ్బు గురించి, ఎన్నికల గురించి వచ్చే పుకార్ల దగ్గర వాళ్ళను కాపాడుతుంది. మీరు చెప్పిందే తప్పని తేలితే "నాదే పొరపాటు, నువ్వే కరెక్ట్" అనడానికి వెనకాడకండి. ఆ ఒక్క మాటతో మీ గౌరవం పెరుగుతుందే గాని తరగదు.

ఈ ఆటలో తాతయ్యలకు, నానమ్మలకు, అమ్మమ్మలకు పెద్దపీట వేయండి. 1963లో "లవకుశ" వచ్చినప్పుడు బండ్లు కట్టుకుని వెళ్ళి చూసిన కథలు చెప్పేవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. తెలుగులో పూర్తిగా రంగుల్లో వచ్చిన తొలి చిత్రం అదే. దాన్ని మొదలుపెట్టింది సి. పుల్లయ్య, పూర్తిచేసింది ఆయన కొడుకు సి.ఎస్. రావు. అదే కథను పుల్లయ్యగారు 1934లో ఒకసారి తీసి ఉన్నారు కూడా. తండ్రి మొదలుపెట్టిన పనిని కొడుకు ముగించిన ఈ సంగతి మనవలకు పెద్దవాళ్ళ నోట వినిపిస్తేనే అందం.

ఫోనులో దొరకని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. "తాతయ్యా, 1987లో ఆదివారం పొద్దున రామాయణం సీరియల్ ఎవరింట్లో చూశావు?" "అమ్మమ్మా, నువ్వు హాల్లో చూసిన మొదటి సినిమా ఏది? టికెట్ ఎంత?" "అత్తా, సిడ్నీలో కరణం మల్లీశ్వరికి పతకం వచ్చిన రోజు నువ్వేం చేస్తున్నావు?" 2000లో మన శ్రీకాకుళం ఆడబిడ్డ మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఈ సంగతి క్విజ్ పుస్తకంలో ఉంటుంది. ఆ రోజు మీ వీధి ఎలా ఉందో మాత్రం మీ అత్తకే తెలుసు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పెరిగే పిల్లలకైతే ఇది మరీ అవసరం. వారానికోసారి వీడియో కాల్‌లో "బాగున్నావా, తిన్నావా" తర్వాత మాటలు ఆగిపోతున్నాయా? ఒక్క ప్రశ్న పెట్టి చూడండి, అరగంట గడిచిపోతుంది.

ఇక కొన్ని జాగ్రత్తలు. చుట్టాలు రాగానే పిల్లను పిలిచి "చెప్పమ్మా, అంకుల్‌కి చెప్పు" అని నిలబెట్టకండి. తనంతట తాను చెబితే విని సంతోషించండి. అన్నకు తెలిసింది చెల్లికి తెలియదని పోల్చకండి. ఆటలో అప్పుడప్పుడు అమ్మమ్మ గెలిచే ప్రశ్నలు, చిన్నది గెలిచే ప్రశ్నలు కలపండి. మార్కులు వేయడం మొదలుపెట్టిన మరుక్షణం అది కూడా ఇంకో పరీక్ష అయిపోతుంది.

తారల పెళ్ళిళ్ళు, విడాకులు, తగవులు కూడా "సంగతులే" అని పిల్లలు అనుకుంటారు. మెల్లగా ఒక గీత గీయండి: వాళ్ళ పని గురించి ఎంతైనా అడుగుదాం, వాళ్ళ ఇంటి గురించి వద్దు. ఒక హీరోను ఇష్టపడాలంటే మరొకరిని తిట్టనక్కర్లేదని కూడా చెప్పండి. క్రికెట్ తెలివిని డబ్బుగా మారుస్తామని ఆశపెట్టే పందేల ఆటల జోలికి పిల్లలను, పెద్దలను కూడా పోనివ్వకండి. ఈ ఇష్టం వల్ల నిద్ర, తిండి, ఆటలు, స్నేహితులు దూరమవుతున్నారని అనిపిస్తే ఫోను పక్కన పెట్టించండి. ప్రశ్నలను మాత్రం ఆపకండి. కాగితం చీటీల మీద ప్రశ్నలు రాసి ఒక డబ్బాలో వేస్తే చాలు, భోజనాల దగ్గర ఒక్కో చీటీ తీయవచ్చు.

పిల్లలు తమకు ఇష్టమైన సంగతి మన దగ్గరికి తెచ్చే కాలం చాలా చిన్నది. పదేళ్ళ పిల్ల "నాన్నా, నీకో విషయం తెలుసా?" అంటూ వెంటపడుతుంది. ఆ మాటకు "తర్వాత చెప్పు" అన్న జవాబు నాలుగుసార్లు వింటే, పదిహేనేళ్ళకు అడగడం మానేస్తుంది. ఈ రాత్రి మీ ఇంట్లో ఆ మాట వినిపిస్తే చేతిలో పని పక్కన పెట్టి "తెలియదు, చెప్పు" అనండి. చెప్పాక రెండో ప్రశ్న అడగండి.