క్యాన్ నీళ్లలో ఓజోన్: చేసేదేమిటి? చేయలేనిదేమిటి?



మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి ప్రాంతాల్లో తాగునీటికి రెండు బెడదలున్నాయి. ఒకటి సూక్ష్మజీవులు. వీటివల్ల విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు వస్తాయి. రెండోది ఫ్లోరైడ్. అది ఏళ్ల తరబడి ఒంట్లో చేరి పళ్లను గారపట్టిస్తుంది, ఎముకలను వంచుతుంది. అందుకే చాలామంది క్యాన్ నీళ్లు కొనుక్కుంటున్నారు. కొన్ని క్యాన్ల మీద 'ఓజోన్‌తో శుద్ధి చేసినది' అని రాసి ఉంటుంది. ఇంట్లో మొదట డిగ్రీ చదివింది మనమే కాబట్టి, "ఈ నీళ్లు తాగితే కాళ్లనొప్పులు రావు కదా?" అని పెద్దవాళ్లు మనల్నే అడుగుతారు. దానికి సరైన జవాబు చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాము.

ఓజోన్ అంటే ఏమిటి?

మనం పీల్చే ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులుంటాయి. ఓజోన్ అణువులో మూడుంటాయి. 1839లో షోన్‌బైన్ అనే శాస్త్రవేత్త దాని ఘాటును బట్టి ఈ వాయువును గుర్తించి, 'వాసన వేయడం' అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి పేరు పెట్టాడు. ఫ్రాన్సులోని నీస్ నగరంలో 1906 నుంచే తాగునీటి శుద్ధికి దీనిని వాడారు. గాలిని గానీ ఆక్సిజన్‌ను గానీ ఎక్కువ వోల్టేజి విద్యుత్తు గుండా పంపితే ఓజోన్ తయారవుతుంది. ఇది నిల్వ ఉండదు కనుక ప్లాంటులోనే తయారుచేసి నీళ్లలోకి వదులుతారు.

ఎలా పనిచేస్తుంది?

ఓజోన్ ఎదుటి పదార్థం నుంచి ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. దీనినే ఆక్సీకరణం అంటాము. అలా లాక్కున్నప్పుడు బాక్టీరియా పైపొర చిరిగి అది చనిపోతుంది. వైరస్‌లు కూడా నశిస్తాయి. కొన్ని బోరునీళ్లలో వచ్చే కుళ్లిన కోడిగుడ్డు వాసనకు కారణం హైడ్రోజన్ సల్ఫైడ్. ఓజోన్ దానిని వాసన లేని సల్ఫేటుగా మారుస్తుంది. అగరుబత్తిలాగా వాసనను కప్పిపెట్టదు, వాసన వేసే పదార్థాన్నే మార్చేస్తుంది.

మరి ఫ్లోరైడ్ సంగతి?

ఎలక్ట్రాన్లను లాక్కునే శక్తిని వోల్టులలో చెబుతారు. క్లోరిన్‌కు 1.36, ఓజోన్‌కు 2.07, ఫ్లోరిన్‌కు 2.87. ఫ్లోరైడ్ అంటే అప్పటికే ఒక ఎలక్ట్రాన్‌ను గట్టిగా పట్టుకున్న ఫ్లోరిన్. తనకంటే బలవంతుడి చేతిలోంచి ఓజోన్ దానిని లాక్కోలేదు. అంటే ఎంత ఓజోన్ పంపినా నీళ్లలోని ఫ్లోరైడ్ అలాగే ఉంటుంది. మరిగించినా పోదు. పైగా నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. ఫ్లోరైడ్‌ను తగ్గించేది ఆర్.ఓ. పొర, లేదా పటిక, సున్నం వాడే నల్గొండ పద్ధతి. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు.

ఇంకో రెండు జాగ్రత్తలు

మార్కాపురం పలక మీద రాసింది తుడిచేసినట్టు, ఓజోన్ తన పని చేసి కొద్దిసేపటికే ఆక్సిజన్‌గా మారిపోతుంది. క్లోరిన్ అయితే కొంత నీళ్లలో మిగిలి కాపలా కాస్తుంది. కాబట్టి ఓజోన్ నీళ్లే అయినా, సరిగా కడగని క్యాన్‌లో పట్టినా, చెయ్యి తగిలేలా గ్లాసు ముంచినా సూక్ష్మజీవులు మళ్లీ చేరతాయి. రెండోది, ఓజోన్‌ను పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. వాసన పోగొడతాయని అమ్మే ఓజోన్ యంత్రాలను మనుషులున్న గదిలో నడపకూడదు.

కాబట్టి నీళ్ల ప్లాంటుకు వెళ్లినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. "ఆర్.ఓ. ఉందా? ఫ్లోరైడ్ పరీక్ష ఎప్పుడు చేయించారు, ఎంత వచ్చింది?" గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లో నీటిని పరీక్షిస్తారు. మీ ఊరి బోరునీళ్లను కూడా అక్కడ పరీక్ష చేయించండి. వచ్చిన అంకెను ఇంట్లో పెద్దవాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి. మనం చదివిన రసాయనశాస్త్రం ముందుగా మన ఇంటి నీళ్లబిందెకు ఉపయోగపడాలని మా కోరిక.