బిడ్డ పోయిన ఇంట్లో మాట పట్టింపులు

సందేహాలు - సమాధానాలు

కడప, కర్నూలు వైపు నుంచి వచ్చిన ఈ ఉత్తరాలన్నిటిలో బాధ ఒక్కటే. పోయింది బిడ్డ, ఇంట్లో గొడవ మాత్రం బట్టల గురించి, పూల గురించి, పండగ గురించి. అసలు దుఃఖం గురించి నోరు విప్పలేని మనుషులు చిన్న విషయాల మీద కొట్లాడుకుంటారు. అందులో ఏది మామూలో, ఎప్పుడు భయపడాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ప్ర: ఎనిమిదో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. కాన్పయిన మూడో రోజు పాలు పడినాయి. అత్త మల్లెపూలు తెచ్చి రొమ్ములకు కట్టింది. మా అమ్మ మూఢనమ్మకమని తీసి పారేసింది. ఆసుపత్రిలోనే ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. బిడ్డ లేకుండా పాలు రావడం జబ్బా? పూలతో నాకేమన్నా అవుతుందా?
- ఒక సోదరి, ప్రొద్దుటూరు

జ: భయపడకండమ్మా, జబ్బు కాదు. కాన్పయ్యాక బిడ్డ ఉన్నా లేకున్నా రెండు నుంచి నాలుగు రోజుల్లో పాలు పడతాయి, పిండకుండా వదిలేస్తే మెల్లగా వాటంతట అవే తగ్గిపోతాయి. మల్లెపూలు పాలు తగ్గిస్తాయని వేలూరు సీఎంసీ డాక్టర్లు పరీక్షించి 1988లోనే రాశారు, కాబట్టి మీ అత్తగారిది మూఢనమ్మకం కాదు. అయితే గుడ్డ బిగించి మాత్రం కట్టవద్దు, చల్లటి తడిగుడ్డ వేసుకోండి. చలిజ్వరం వచ్చినా, రొమ్ము ఎర్రబడి గడ్డలా గట్టిపడినా అదే రోజు డాక్టరుకు చూపించండి.

ప్ర: మా ఆయన కువైట్‌లో ఉన్నాడు. నాలుగేళ్ల కొడుకు జ్వరంతో పోయినాడు. దినాలైన మరుసటి రోజే అత్త వాడి బట్టలు, సైకిలు ఎవరికో ఇచ్చేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. కేకలు వేసినాను, చేతిలో ఉన్న చెంబు విసిరినాను. 'దీనికి మతి చెడింది' అంటున్నారు. నాకు నిజంగా పిచ్చి పడుతుందా?
- ఒక తల్లి, రాయచోటి

జ: లేదమ్మా. బిడ్డ వాసన ఉన్న చొక్కా చేజారిపోతే ఏ తల్లయినా అరుస్తుంది, దుఃఖంలో కోపం మామూలే. కంటికి కనబడితే మీ బాధ ఎక్కువవుతుందనుకుని మీ అత్తగారు అలా చేసి ఉంటారు, కానీ మిమ్మల్ని అడగాల్సింది. మిగిలినవాటిలో మీకు కావలసినవి ఒక పెట్టెలో పెట్టుకుని, "అత్తా, ఈ పెట్టె జోలికి మాత్రం ఎవరూ రావద్దు" అని ఒక్కసారి నిదానంగా చెప్పండి, మీ ఆయన చేత కూడా ఫోనులో చెప్పించండి. బాబు పిలిచినట్టు, గుమ్మంలో నిలబడినట్టు ఒక్కోసారి అనిపించడమూ మామూలే. వరుసగా రోజుల తరబడి నిద్ర లేకపోయినా, ఎవరో తిడుతున్నట్టు, ఏదో చేయమని చెబుతున్నట్టు గొంతులు వినబడినా డాక్టరును కలవండి.

ప్ర: తొమ్మిదేళ్ల కూతురు రోడ్డు ప్రమాదంలో పోయింది. పన్నెండో రోజు అంగడి తెరిచినాను. 'నీకు గుండె లేదు' అంటుంది నా భార్య. 'ఎన్నాళ్లని ఏడుస్తుంది, ఇంట్లో పొయ్యి వెలగొద్దా' అంటుంది మా అమ్మ. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. నాకు ఏడుపే రావడం లేదు. నేను చెడ్డ తండ్రినా?
- ఒక తండ్రి, నంద్యాల

జ: కాదండీ. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవాళ్ల తలపులో, కాసేపు బతుకు పనుల్లో అటూ ఇటూ తిరుగుతుంటాడని, కోలుకోవడం అలాగే జరుగుతుందని నెదర్లాండ్స్ పరిశోధకులు స్ట్రోబ్, షుట్ 1999లో రాశారు. మీరు పనిలో ఎక్కువసేపు, ఆమె తలపులో ఎక్కువసేపు ఉంటున్నారు, అంతే తేడా. అంగడి కట్టేసి వచ్చాక భార్య పక్కన కూర్చుని కాసేపు పాప ముచ్చట్లు చెప్పుకోండి, అమ్మతో "పొయ్యి సంగతి నేను చూసుకుంటా, ఆమెను ఏడవనీమ్మా" అనండి. ఏడుపు రాకపోయినా ఫరవాలేదు. మందు తాగడం పెరిగితే, బండి లెక్కలేనట్టు నడుపుతుంటే మాత్రం జాగ్రత్త, మగవాళ్ల దుఃఖం చాలాసార్లు అలా బయటపడుతుంది.

ప్ర: మా ఆరు నెలల బాబు పోయి ఇంకా నలభై రోజులు కాలేదు. అంత ఏడిస్తే పాపమని తోడికోడలు అంటుంది. అత్తేమో ప్రతి గురువారం పెద్ద దర్గాకు రమ్మంటుంది. నాకు గడప దాటాలనే లేదు. రానంటే ఆ రోజంతా మాట్లాడదు. ఏం చేసేది?
- ఒక సోదరి, కడప

జ: మీ కన్నీళ్లు పాపం కాదమ్మా. ప్రవక్త కూడా తన పసివాడు ఇబ్రహీం పోయినప్పుడు కంటతడి పెట్టారని మీ పెద్దలే చెబుతారు. పెద్ద దర్గాకు కడపలో అన్ని మతాలవాళ్లూ పోతారు, మనసు కుదుటపడేవాళ్లకు అది మంచిదే, కానీ మందులా వేళ తప్పకుండా పోవాల్సిన పని లేదు. "ఈ వారం నువ్వు పోయి దువా చెయ్ అత్తా, ఓపిక వచ్చినాక నేనే అడిగి వస్తా" అనండి, ఆమె మాట కాదన్నట్టు ఉండదు. నలభై రోజుల్లోపు గడప దాటబుద్ధి కాకపోవడం మామూలే. నెలలు గడిచినా స్నానం, తిండి మీద కూడా ధ్యాస లేకపోతే అప్పుడు డాక్టరు సాయం తీసుకోండి.

ప్ర: మా చిన్నోడు పోయినాడు. 'తమ్ముడు ఊరికి పోయినాడు, వస్తాడు' అని ఏడేళ్ల పాపకు అత్త చెప్పింది. అది రోజూ బస్సు వచ్చే వేళకు వాకిట్లో కూర్చుంటుంది. నిజం చెబుతానంటే 'పసిదాని గుండె పగలగొడతావా' అని అత్త నా మీదికి వస్తుంది. ఎవరిది తప్పు?
- ఒక తల్లి, బద్వేలు

జ: ఎవరిదీ తప్పు కాదు, ఇద్దరూ పాపను కాపాడాలనే చూస్తున్నారు. అయితే ఆ వయసు పిల్లలకు నిజం కన్నా ఎదురుచూపే ఎక్కువ బాధ. అత్తను కూడా పక్కన కూర్చోబెట్టుకుని, "తమ్ముడు చనిపోయినాడు, ఇంక రాడు, ఇందులో నీ తప్పేమీ లేదు" అని చిన్న మాటల్లో చెప్పండి. 'నిద్రపోయాడు' అని మాత్రం అనకండి, పాప నిద్రకే భయపడుతుంది. ఏడ్చిన ఐదు నిమిషాలకే ఆడుకోవడం, కొన్నాళ్లు పక్క తడపడం మామూలే. నెలలు గడిచినా బడికి పోకపోయినా, తమ్ముడి దగ్గరికి పోతానని పదేపదే అంటున్నా డాక్టరుకు చూపించండి.

ప్ర: ఐదో నెలలో గర్భం పోయింది. నెల తిరగకుండానే ఆడబిడ్డ సీమంతం. 'నువ్వు ముందుకు రావద్దు, లోపలే ఉండు' అన్నది అత్త. ఆ గాజులు చూస్తే ఆడబిడ్డ మీద నాకు అసూయ పుట్టింది. 'పుట్టని బిడ్డకు ఇంత ఏడుపేంది' అంటున్నారు. నా మనసే పాడైపోయిందా?
- ఒక సోదరి, రాజంపేట

జ: పాడు కాలేదమ్మా. ఆడబిడ్డ చల్లగా ఉండాలనీ, ఆ గాజులు చూడలేననీ ఒకేసారి అనిపిస్తుంది, రెండూ నిజమే. పరామర్శకు ఎవరూ రాని ఇలాంటి దుఃఖం గురించి అమెరికా పండితుడు కెన్నెత్ డోకా 1989లో ఒక పుస్తకమే తెచ్చారు. ఉద్యోగాలు చేసే తల్లులకు గర్భస్రావమైతే ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టమే చెప్పింది, అంటే చట్టం కూడా దీన్ని చిన్న విషయమనుకోలేదు. ఇంకెప్పుడైనా ఇలాంటి వేడుకకు పోలేకపోతే చీర పంపించి ఊరుకోండి, ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. రక్తస్రావం ఎక్కువైనా, జ్వరం, దుర్వాసన ఉన్నా ఆసుపత్రికి ఆలస్యం చేయకండి.

ప్ర: మూడేళ్ల బాబు చేని దగ్గర నీళ్ల గుంతలో పడి పోయినాడు. నేను కలుపు తీస్తా ఉన్నాను. రెండేళ్లయింది. కూరలో ఉప్పు ఎక్కువైనా 'బిడ్డనే చూసుకోలేనిది కూరేం చూస్తుంది' అంటుంది అత్త. ఆయన వినీ విననట్టు ఉంటాడు. నాకూ అదే నిజమనిపిస్తుంది. ఒక్కోసారి నేనూ ఆ గుంతలోనే పడిపోతే బాగుండనిపిస్తుంది.
- ఒక తల్లి, జమ్మలమడుగు

జ: అమ్మా, ఈ మాట బయటికి చెప్పి చాలా మంచి పని చేశారు. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఒంటరిగా ఉండకండి, 14416కు ఫోన్ చేయండి. అది 2022లో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ, పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. రేపే ఎవరినైనా తోడు తీసుకుని కడప రిమ్స్‌లో మానసిక వైద్యులను కలవండి.

ఇక ఆ రోజు సంగతి. పసిబిడ్డ నీళ్లలో మునగడానికి కొన్ని నిమిషాలు చాలు, చాలాసార్లు చప్పుడు కూడా వినబడదు. కూలి చేసుకునే తల్లికి బిడ్డను వదిలే చోటు లేకపోవడం, గుంతకు కంచె లేకపోవడం మీ ఒక్కరి తప్పు కాదు. తల్లి తనను తాను నిందించుకోవడం మామూలే, కానీ దాన్ని రోజూ ఇంకొకరు గుర్తు చేయడం మామూలు కాదు. ఆ మాట ఆపాల్సింది మీ భర్త. "అమ్మా, ఈ ఇంట్లో ఆ మాట ఇంకొకసారి రాకూడదు" అని ఆయనే చెప్పాలి. ఈ జవాబు ఆయనకు చదివి వినిపించండి.

ప్ర: సిజేరియన్ అయి పుట్టిన బాబు మూడో రోజే పోయినాడు. మూడు నెలలు కాకముందే 'మళ్లీ వాడే నీ కడుపున పుడతాడు, ఆలస్యం చేయొద్దు' అని అత్తామామలు పట్టుబడుతున్నారు. నాకు ఆ ఊహకే వణుకు. ఆగితే ఇంక పిల్లలు పుట్టరా?
- ఒక సోదరి, ఆదోని

జ: పుడతారమ్మా, కొన్నాళ్లు ఆగినంత మాత్రాన ఏమీ కాదు. సిజేరియన్ అయితే రెండు కాన్పుల మధ్య కనీసం ఏడాదిన్నర ఎడం ఉండాలని డాక్టర్లు చెబుతారు, ఆ మాట మీ ఆయన చేత పెద్దవాళ్లకు చెప్పించండి. పుట్టిన వెంటనే బిడ్డ పోతే కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగినులకు 60 రోజుల ప్రత్యేక సెలవు ఇస్తోంది, 2022లో వచ్చిన ఉత్తర్వు అది. తల్లి కోలుకోవడానికి సమయం పడుతుందని ప్రభుత్వమే ఒప్పుకున్నప్పుడు ఇంటివాళ్లు ఒప్పుకోవడానికేం? మళ్లీ గర్భం వచ్చాక ప్రతి చిన్నదానికీ భయమేయడం మామూలే, ఆ భయాన్ని మొదటి పరీక్షలోనే డాక్టరుకు చెప్పండి.

ప్ర: బిడ్డ పోయినప్పటి నుంచి అత్త, మా ఆయన నన్ను 'గొడ్రాలా' అని తిడుతున్నారు. పోయిన వారం జుట్టు పట్టి కొట్టి, బయటికి నెట్టి తలుపు గడియ వేసినారు. 'వాళ్లూ బాధలో ఉన్నారు, సర్దుకో' అంటుంది మా అమ్మ. సర్దుకోవాలా?
- ఒక సోదరి, ఆళ్లగడ్డ

జ: వద్దమ్మా, దీన్ని సర్దుకోకూడదు. బాధలో ఎవరైనా నోరు జారవచ్చు, చెయ్యి చేసుకునే హక్కు ఏ బాధా ఇవ్వదు. 2005 గృహహింస చట్టం ప్రకారం దెబ్బలే కాదు, పిల్లలు లేరని దెప్పడం కూడా హింసే, ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా మీకుంది. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, ప్రాణభయం ఉంటే 112కు చేయండి. దెబ్బలు మానకముందే ప్రభుత్వాసుపత్రిలో చూపించి కాగితం రాయించుకోండి.

ప్ర: కొడుకు పోయి ఏడాది తిరగకముందే తోడికోడలు ఉగాదికి ఓళిగలు చేసి పక్కిళ్లకు కూడా పంచింది. అప్పటి నుంచి ఆమెతో మాటల్లేవు. వాడు పోయి ఇప్పటికి పద్నాలుగు నెలలు. నాకింకా ఏడుపొస్తుంది. 'ఇంకా ఎన్నాళ్లు' అంటున్నారు. ఇది జబ్బా?
- ఒక తల్లి, పులివెందుల

జ: ఏడుపు రావడం జబ్బు కాదమ్మా, పద్నాలుగేళ్ల తర్వాత కూడా రావచ్చు. వంట చేసుకుంటూ, నలుగురితో మాట్లాడుతూ, మధ్యలో ఎప్పుడైనా నవ్వగలుగుతుంటే మీరు కోలుకుంటున్నట్టే. అలా కాకుండా రోజంతా అదే తలపుతో, ఏ పనీ సాగక నెలలు గడిస్తే దాన్ని ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్ అంటారు. ఆరు నెలలు దాటితే చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, పెద్దవాళ్లలో ఏడాది దాటాక అని అమెరికా సైకియాట్రీ సంఘం గడువు పెట్టాయి. దానికి మాటలతో చేసే చికిత్స ఉంది. ఇక తోడికోడలితో "ఆ రోజు నా ప్రాణం విలవిల్లాడింది" అని ఒక్కసారి చెప్పేయండి, మీకలా ఉందని ఆమెకు తెలియకపోయి ఉండవచ్చు.

ప్ర: నేను అత్తను. మనవడు పోయినాడు. కోడలు నాతో మాట్లాడదు. వండితే తినదు, వండకపోతే పట్టించుకోలేదంటుంది. ఏడిస్తే నా కొడుకు తట్టుకోలేడని కొట్టంలోకి పోయి ఏడుస్తా. మీరూ అత్తలనే తప్పు పడతారేమో.
- ఒక జేజి, మైదుకూరు

జ: తప్పు పట్టనమ్మా. మనవడు పోయిన బాధ ఒకటి, కళ్లెదుట కొడుకూ కోడలూ కుమిలిపోతుంటే ఏమీ చేయలేని బాధ ఇంకొకటి, మీరు రెండూ మోస్తున్నారు. వచ్చినవాళ్లంతా తల్లిని ఓదారుస్తారు, జేజిని ఎవరూ పలకరించరు. కోడలి ఎదుటే ఏడవండి, మీకూ వాడంటే ప్రాణమని ఆమెకు తెలియాలి. "తిను, తిను" అనకుండా "మూత పెట్టి ఉంచినా, తోచినప్పుడు తిను" అని పక్కకు తప్పుకోండి. వాడి వస్తువైనా, గుడి మొక్కైనా, పండగైనా ముందు ఆమెను అడగండి. ఆమె వద్దంటే అది మీ మీద కోపం అనుకోకండి. కొన్ని వారాలు ఆమె ముభావంగా ఉండటం మామూలే. మీ బీపీ, షుగరు మాత్రలు మాత్రం మానకండి, ఛాతీలో నొప్పి వస్తే 'మనోవేదనే కదా' అని ఊరుకోకుండా ఆసుపత్రికి పోండి.